వేషం మారినా నడక మారదు

పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో వింత గుర్తులతో నిండిన కొన్ని కాగితాలు ఏళ్ల తరబడి ఉండిపోయాయి. ఇటలీ వ్యవహారాలకు చెందినవని జాబితాలో రాసుకున్నారు. ముగ్గురు పరిశోధకులు గుట్టు విప్పి 2023లో ప్రకటించారు: అవి ఇంగ్లండులో బందీగా ఉన్న స్కాట్లండ్ రాణి మేరీ 1578–1584 మధ్య రాసిన ఉత్తరాలు. మొత్తం 57. తాళంచెవి లేని తాళం ఎలా తెరుచుకుంది?

అందుకు దారి చూపినవాడు తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ పండితుడు అల్-కిందీ. అక్షరానికో గుర్తు చొప్పున మార్చి రాయాలంటే, ఇంగ్లిషులోని 26 అక్షరాలకు దొరికే అమరికలు 4 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని. ఒక్కొక్కటీ సరిచూడాలంటే యుగాలు చాలవు. అల్-కిందీ లెక్కపెట్టమన్నాడు. అదే భాషలోని మామూలు రాత తీసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో వరస కట్టాలి. రహస్యలిపిలోని గుర్తులకూ అలాగే వరస కట్టి, రెండింటినీ పోల్చాలి. తెలుగు పేజీలో న, ల అడుగడుగునా తగులుతాయి; ఝ, ఠ వెతికితే గాని కనబడవు. ప్రతి భాషకూ ఇలాంటి నడక ఒకటుంటుంది.

ఇంగ్లిషులో నూటికి పన్నెండు పదమూడు అక్షరాలు ‘ఈ’లే. రహస్య లేఖలో అన్నిటికన్నా ఎక్కువగా నక్షత్రం గుర్తు ఉందనుకోండి. అది ‘ఈ’ కావచ్చు. నక్షత్రంతో ముగిసే ఒక మూడు గుర్తుల మాట పదేపదే వస్తుంటే, అది ఇంగ్లిషు మాట ‘ద’ (the) అయివుండాలి. దాంతో ‘టీ’, ‘హెచ్’ చిక్కాయి. ఇక ‘టీ’, ‘హెచ్’, తెలియని గుర్తు, మళ్లీ ‘టీ’ ఉన్న మాట ఎదురైతే, అది ‘దట్’ (that). ‘ఏ’ కూడా దొరికింది. ఒక్కో అక్షరం పక్కదాన్ని పట్టిస్తుంది. అయితే లేఖ పొడుగ్గా ఉండాలి. నాలుగు మాటల్లో నడక తెలియదు.

ఈ ఎత్తుకు పైఎత్తుగా, తరచు వచ్చే అక్షరానికి రెండు మూడు గుర్తులు వాడసాగారు. మేరీ లేఖల్లోనూ అంతే. అయినా పక్కపక్కన వచ్చే అక్షరాల జతలు భాషను దాచలేవు. పరిశోధకుల కంప్యూటర్ ఒక ఊహ వేసి, ఆ లేఖల భాష అయిన ఫ్రెంచికి అది ఎంత దగ్గరగా ఉందో కొలిచి, కొద్దికొద్దిగా సరిదిద్దుకుంటూ పోయింది. అలా నాలుగు శతాబ్దాల తర్వాత చెరలోని రాణి అనారోగ్యం, కొడుకు జేమ్స్ శత్రువుల చేతికి చిక్కాడన్న తల్లి దుఃఖం మనకు వినిపించాయి.