తెరచాప కొయ్యకు తెల్ల చీడ

పడవకు రంగు వేయడమంటే అందం కోసమే అనుకుంటాం. కానీ నడిసముద్రంలో తెరచాపను నిలబెట్టే అల్యూమినియం స్తంభం విషయంలో అది ప్రాణాలతో ముడిపడిన పని. అందులో రంగు డబ్బా మూత తీసేది చివర్లోనే. అంతకుముందు జరిగేదే అసలు కథ!

స్టీలు గిన్నెలో ఆవకాయ పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి నాలుగు రోజులు వదిలేస్తే ఏమవుతుంది? ఊట తగిలిన చోటల్లా ఫాయిల్‌కి సూదితో పొడిచినట్టు చిల్లులు పడతాయి. ఆవకాయ ఘాటే అంత అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ గిన్నెలో ఒక చిన్న బ్యాటరీ తయారైంది. స్టీలు ఒక ధ్రువం, అల్యూమినియం మరో ధ్రువం, మధ్యలో ఉప్పూ పులుపూ కలిసిన ఊట. ఆ మూడూ కలిసి ఉన్నంతసేపూ కరెంటు పారుతుంది. కరెంటు పారినంతసేపూ అల్యూమినియం కరిగిపోతుంది.

ఇప్పుడు గిన్నె స్థానంలో పడవను, ఊట స్థానంలో సముద్రపు నీటిని ఊహించుకోండి. ఫాయిల్ స్థానంలో నలభై యాభై అడుగుల ఎత్తున నిలబడ్డ అల్యూమినియం స్తంభం. దానికి బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు డజన్లకొద్దీ ఉంటాయి. అంటే ఒక్కో స్క్రూ ఒక్కో బ్యాటరీ అన్నమాట!

కొయ్య కాని కొయ్య

తెరచాపను పట్టి నిలిపే స్తంభాన్ని ఇంగ్లిషులో మాస్టు అంటారు. మన భాషలో తెరచాప కొయ్య. వేల ఏళ్లపాటు అది నిజంగా కొయ్యే. ఇప్పుడు విహారానికీ పోటీలకూ వాడే తెరచాప పడవల్లో చాలావాటికి అల్యూమినియం మిశ్రమంతో చేసిన బోలు స్తంభాలే ఉంటున్నాయి. ఖరీదైన రేసు పడవలకైతే కార్బన్ ఫైబర్. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నడిపే ‘ఆప్టిమిస్ట్’ బుల్లి పడవ కొయ్య కూడా అల్యూమినియం గొట్టమే.

గాలి తోసే బలమంతా పడవకు చేరేది ఈ స్తంభం మీదుగానే. దాన్ని పడిపోకుండా నాలుగు వైపులా స్టీలు తీగలు లాగి పట్టుకుంటాయి. పెద్ద పడవల్లో ఆ లాగుడు టన్నుల లెక్కలో ఉంటుంది. ఆ తీగలు తగిలించిన చోట లోహం గుల్లబారితే పరిణామం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

స్తంభం పోతే నావికుడి పరిస్థితి ఏమిటో 2018 సెప్టెంబరులో దేశమంతా చూసింది. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పోటీలో ఉన్న నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ ‘తురీయ’ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కి కొయ్యను కోల్పోయింది. వెన్నెముకకు దెబ్బ తగిలి కదల్లేని స్థితిలో ఉన్న ఆయన్ని మూడు రోజుల తర్వాత ఫ్రెంచి నౌక ‘ఒసిరిస్’ కాపాడింది. అక్కడ కారణం తుప్పు కాదు, తుపాను. కానీ ఒక విషయం మాత్రం స్పష్టమైంది... తీరానికి వందల మైళ్ల దూరంలో కొయ్య విరిగితే మరమ్మతుకు పిలవడానికి ఎవరూ ఉండరు. అదే సముద్రాన్ని అంతకు కొద్ది నెలల ముందే ఆరుగురు మహిళా అధికారులు తెరచాపతో దాటారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన ‘తారిణి’ బృందంలో విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య కూడా ఉన్నారు. ఇలాంటి యాత్రల్లో గెలుపోటములు సగం ఒడ్డునే తేలిపోతాయి. బయల్దేరేముందు ప్రతి తీగనూ ప్రతి స్క్రూనూ ఎంత శ్రద్ధగా చూశారన్న దాన్ని బట్టి!

కెంపు పూత

ఇనుముకు తుప్పు పడుతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది. మరి అల్యూమినియానికి? మన ఇళ్లలో సత్తు గిన్నెలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి కదా! కారణం ఒక పొర. గాలి తగిలిన మరుక్షణం అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మందం మిల్లీమీటరులో పది లక్షల వంతులు ఓ నాలుగైదు, అంతే. అయినా అది లోపలి లోహాన్ని గాలికీ నీటికీ అందకుండా కాపాడుతుంది. గీత పడితే తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. కెంపు, నీలం రాళ్లు కూడా రసాయనికంగా ఇదే పదార్థం. అంటే ప్రతి సత్తు గిన్నెకీ కంటికి కనిపించని కెంపు పూత ఉన్నట్టే!

ఈ పూతకు ఉప్పు నీరు శత్రువు. ఉప్పులోని క్లోరైడ్ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. పక్కనే స్టెయిన్‌లెస్ స్టీలు ఉంటే పని ఇంకా సులువు. సముద్రపు నీటిలో ఈ రెండు లోహాల మధ్య అర వోల్టుకు పైగా తేడా ఉంటుంది. స్టీలు క్షేమంగా ఉంటుంది, అల్యూమినియం బలైపోతుంది. తెల్లటి పొడి రాలుతుంది, కింద గుంట మిగులుతుంది.

అయితే రంగు వేసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే ఒక చిక్కుంది. రంగు లేని స్తంభంలో ఆ నష్టం కొంత విస్తీర్ణం మీద పంచుకుపోతుంది. రంగు వేసిన స్తంభానికి స్క్రూ పక్కన చిన్న గీత పడిందంటే నష్టమంతా ఆ గీత మీదే పడుతుంది. వందమంది మోయాల్సిన బరువు ఒక్కడి నెత్తిన పడినట్టు! గుంట లోతుగా దిగుతుంది. పైనున్న రంగు మాత్రం బుడగలా ఉబ్బి, లోపల జరిగేదాన్ని కప్పేస్తుంది. అందుకే పని తెలిసినవాళ్లు స్తంభం మీద ఉబ్బిన చోటును చూస్తే రంగు గురించి కాదు, దాని కింద ఉన్న లోహం గురించి బెంగపడతారు.

కాగితం ముక్క చెప్పిన పాఠం

ఈ జబ్బు కొత్తది కాదు, మందు కూడా కొత్తది కాదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగుకు పురుగు పట్టకుండా రాగి రేకులు కొట్టించింది. రెండేళ్ల తర్వాత తీసి చూస్తే రాగి భద్రంగా ఉంది కానీ ఇనుప మేకులు చాలావరకు తినేసి ఉన్నాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకా అని చూస్తే... రాగి రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకుల దగ్గర తీయకుండా వదిలేశారు! రెండు లోహాల మధ్య ఒక్క కాగితం అడ్డం ఉన్నందుకు మేకు బతికింది.

ఈ పాఠం అందరికీ ఎక్కలేదు. 1895లో అమెరికా కప్ పోటీకి ‘డిఫెండర్’ అనే పడవ కట్టారు. బరువు తగ్గాలని పైభాగం అల్యూమినియంతో, అడుగు కంచు మిశ్రమంతో, లోపలి చట్రం స్టీలుతో చేశారు. పడవ దూసుకుపోయింది, కప్పు గెలిచింది. కానీ మూడు లోహాలూ ఉప్పునీట్లో కలిసి కూర్చుంటే ఊరుకుంటాయా? అల్యూమినియం తినేసుకుపోయింది. 1901లో పడవను ముక్కలు చేసేశారు.

కొయ్య ఒడ్డుకొచ్చింది

ఇక రంగు పని సంగతి. నిలబడ్డ స్తంభానికి నిచ్చెన వేసి రంగు పూయడం కుదరదు. క్రేనుతో పైకి లేపి, తీసి, మెత్తలు చుట్టిన బల్లల మీద పడుకోబెడతారు. ఏది ఎక్కడ ఉందో ఫొటోలు తీసుకుని, దాని మీదున్న సామానంతా విప్పుతారు.

ఓపికకు పరీక్ష ఇక్కడే. అల్యూమినియం తినేసినప్పుడు వచ్చే తెల్ల పదార్థం అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. స్క్రూ చుట్టూ సిమెంటులా బిగుసుకుంటుంది. బలం ఉపయోగిస్తే స్క్రూ తల విరిగి చేతికొస్తుంది. చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదలడం, హాట్ గన్‌తో వేడి చేయడం, సుత్తితో తడుతూ తిప్పడం... ఇలా ఒక్కో స్క్రూను బతిమాలాలి. అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడికి పట్టు సడలుతుంది. అయినా రాకపోతే డ్రిల్లుతో తొలవడమే.

తర్వాత మంచినీళ్లతో ఉప్పంతా కడిగి, జిడ్డు తుడిచి, పాత రంగును గీకుతారు. వదులుగా ఉన్న రంగు పూర్తిగా పోవాల్సిందే. ఇక్కడ ఇనుప బ్రష్షు వాడితే కొంప మునిగినట్టే. ఇనుప రజను మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కుని, మళ్లీ కొత్త బ్యాటరీలు మొదలవుతాయి. దీనికి అల్యూమినియం ఆక్సైడ్ గరుకు కాగితమే సరైంది. పాత పూతల్లో క్రోమేట్ లాంటి విషపదార్థాలు ఉండొచ్చు కాబట్టి దుమ్ము పీల్చకుండా మాస్కు తప్పనిసరి.

గుంటలు బయటపడేది అప్పుడే. తెల్ల పొడి ఇసుమంత కూడా మిగలకుండా, మెరిసే లోహం కనిపించేదాకా తవ్వాలి. పైపైన ఉన్న గుంటలను ఎపాక్సీ లప్పంతో నింపుతారు. అయితే లప్పం నునుపునిస్తుందే కానీ బలాన్నివ్వదు. తీగలు తగిలించే చోటో, స్తంభం మొదట్లోనో గుంట లోతుగా ఉంటే రంగు పని ఆపి నిపుణులకు చూపించాలి. లోహం ముక్క అతికించాలా, స్తంభమే మార్చాలా అని వాళ్లే తేలుస్తారు. నిజానికి మళ్లీ రంగు వేయడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. ఏళ్ల తరబడి కనిపించనిదంతా ఒక్కసారి కళ్లముందుకొస్తుంది.

పూత మీద పూత

గీకిన స్తంభాన్ని రేపటిదాకా వదలకూడదు. ఆక్సైడ్ పొర వెంటనే కట్టుకోవడం మొదలుపెడుతుంది. దాని మీద తేమా దుమ్మూ చేరితే రంగుకు పట్టు దొరకదు. అందుకే అదే రోజు, వీలైతే కొద్ది గంటల్లోనే మొదటి పూత పడిపోవాలి.

ముందు లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ పలుచగా. దాని మీద నీటిని ఆపే ఎపాక్సీ ప్రైమర్. ఎపాక్సీకి ఎండంటే పడదు, సుద్దలా పొడిబారుతుంది. కాబట్టి ఆపైన ఎండకు తట్టుకునే పాలీయురెథేన్ రంగు. ఏ పూత మీద ఏది, ఎన్ని గంటలు ఆగి వేయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. వాటిని అటూఇటూ చేస్తే పెచ్చులూడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ, మంచు పడే వేళా ఈ పని పెట్టుకోరు. రెండు డబ్బాలు కలిపి వాడే పాలీయురెథేన్‌ను స్ప్రే చేస్తే వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. అందుకే సొంతంగా వేసుకునేవాళ్లు బ్రష్షూ రోలరుతో సరిపెట్టుకుని, స్ప్రే పనిని తగిన మాస్కులున్న వాళ్లకు వదిలేయడం మంచిది.

స్క్రూ కింద నైలాన్

రంగు ఆరింది, స్తంభం అద్దంలా ఉంది. ఇప్పుడు సామాను గబగబా బిగించేస్తే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ‘అలారం’ నౌకలో కాగితం చేసిన పనిని ఇప్పుడు ప్లాస్టిక్ చేయాలి. ప్రతి స్టీలు సామాను కింద పలుచటి ప్లాస్టిక్ రేకు, స్క్రూ తల కింద నైలాన్ వాషర్, మరల్లో నీరు చొరకుండా అడ్డుకునే ప్రత్యేక పేస్టు. గ్రాఫైట్ కలిసిన గ్రీజు మాత్రం వద్దు. గ్రాఫైట్ కూడా అల్యూమినియాన్ని తినిపించే రకమే. కొత్తగా తొలిచిన రంధ్రాల అంచులకూ రంగు తాకించాలి.

స్తంభం అడుగున నీరు బయటికిపోయే రంధ్రం మూసుకుపోకుండా చూడాలి. వాననీరు, ఉప్పునీరు నిలిచేది అక్కడే. అదే చోట ఒక పాత ఆచారం కూడా తంటా తెస్తుంది. మనం ఇంటి గడప కింద నవరత్నాలు, నాణేలు వేసినట్టే, నావికులు కొయ్య నిలబెట్టేముందు దాని కింద నాణెం పెడతారు. 1962లో లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర బయటపడిన రోమన్ పడవలో కొయ్య గుంట కింద డొమీషియన్ చక్రవర్తి నాటి కంచు నాణెం దొరికింది. కొయ్య నిజంగా కొయ్యగా ఉన్నప్పుడు దాంతో ఏ ఇబ్బందీ లేదు. అల్యూమినియం కింద రాగి నాణెం పెడితే మాత్రం శుభం కాస్తా చీడ అవుతుంది. ఆచారం మానక్కర్లేదు. నాణేన్ని ఎపాక్సీలో ముంచి, లోహానికి తగలకుండా పెడితే చాలు.

మన ఇంటికీ వర్తిస్తుంది

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి సోకే ఊళ్లలో అల్యూమినియం కిటికీల స్క్రూల చుట్టూ తెల్ల పొడి కనిపిస్తే కారణం ఇదే. నెలకోసారి మంచినీళ్లతో కడగడం, స్క్రూ మార్చినప్పుడు నైలాన్ వాషర్ వేయడం, రంగు ఉబ్బిన చోట పొడిని పూర్తిగా గీకాకే కొత్త పూత వేయడం... పడవకు చెప్పిన జాగ్రత్తలే కిటికీకీ!

పడవ స్తంభాన్నైతే ప్రయాణం నుంచి వచ్చిన ప్రతిసారీ కడుగుతారు. ఏడాదికోసారైనా ప్రతి అతుకునూ దగ్గర్నుంచి చూస్తారు. గోరంత బుడగ కనిపిస్తే ఆ రోజే గీకి పూత వేస్తారు. ఆ శ్రద్ధ ఉంటే రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కొత్త రంగుతో మెరిసిపోతున్న కొయ్యను చూసి ఒడ్డున అందరూ రంగునే మెచ్చుకుంటారు. పని తెలిసినవాళ్లు మాత్రం దగ్గరికెళ్లి, వంగి, స్క్రూ తల కిందకు చూస్తారు... సన్నటి నైలాన్ అంచు కనిపిస్తుందా లేదా అని!