మారిన వార్తల వరుస.. తేదీ చూసి పంచితేనే రైతుకు మేలు

నల్లపాడు: ఫోనులో నిత్యం చూసే వార్తల పేజీ ఒక్క రాత్రిలో రూపు మార్చుకుంటుంది. నిన్నటి వరకు పైన కనిపించిన మండల వార్త అడుగుకు జారుతుంది. దాని స్థానంలో ఎవరో పంచుకున్న పాత వార్త ప్రత్యక్షమవుతుంది. పట్టణ పాఠకునికి ఇది చికాకు మాత్రమే. మిర్చి, పత్తి పండించే గ్రామాల్లో మాత్రం నష్టానికి దారితీసే ప్రమాదం ఉన్నది. ఈ మార్పు ఎక్కడ మొదలైందో, దానికి ఎలా అలవాటు పడాలో తెలుసుకోవడం అవసరం.

ఏమిటీ ఫీడ్ రీడర్?

పది వెబ్‌సైట్లను విడివిడిగా తెరవకుండా, వాటిలోని కొత్త వార్తలను ఒకేచోట చేర్చి చూపే సాధనమే ఫీడ్ రీడర్. దీనికి ఆధారం 1999లో రూపుదిద్దుకున్న ఆర్‌ఎస్‌ఎస్ అనే పద్ధతి. వెబ్‌సైటు తన శీర్షికలను, తేదీలను, లంకెలను ఒక జాబితాగా ఉంచుతుంది. రీడర్ దానిని ఎప్పటికప్పుడు తెచ్చి, కొత్తది పైన, పాతది కింద పేరుస్తుంది. ఏ వార్త ముందుండాలన్నది తేదీయే నిర్ణయిస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ సౌకర్యం ఆలస్యంగా అందింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, 2000 దశకంలో పలు తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లనే వాడాయి. ఆ అక్షరాలు ఇతర సాధనాల్లో చదవడానికి వీలులేకుండా కనిపించేవి. యూనికోడ్ వాడకం పెరిగిన తరువాత కూడలి, జల్లెడ వంటి సంకలినులు తెలుగు రాతలను ఒకచోటికి చేర్చాయి.

గూగుల్ రీడర్ నేర్పిన పాఠం

2005 అక్టోబరులో వచ్చిన గూగుల్ రీడర్ ఈ కోవలో పేరు పొందింది. క్రమంగా అందులో నచ్చిన వార్తను మిత్రులతో పంచుకునే వీలు ఏర్పడింది. 2007 డిసెంబరులో ఆ వార్తలను చాట్ పరిచయస్థులందరికీ కనిపించేలా మార్చడంతో అభ్యంతరాలు వెల్లువెత్తాయి. కొందరి కోసం పంచినది అందరికీ చేరడమే అందుకు కారణం.

2011 అక్టోబరు 31న రీడర్ రూపు పూర్తిగా మారింది. మిత్రులను అనుసరించడం, వ్యాఖ్య రాయడం వంటి పాత సదుపాయాలను తొలగించి, పంచుకోవడాన్ని గూగుల్ ప్లస్‌కు ముడిపెట్టారు. ఏళ్ల తరబడి అల్లుకున్న చదువరుల బృందాలు చెదిరిపోయాయి. 2013 జులై 1న రీడర్, 2019 ఏప్రిల్‌లో సాధారణ వినియోగదారుల గూగుల్ ప్లస్ మూతపడ్డాయి. ఫీడ్‌లీ వంటి రీడర్లు ఇప్పటికీ పనిచేస్తున్నా, ఎక్కువ మంది వార్తల యాప్‌లకు, వాట్సాప్ గ్రూపులకు మళ్లారు.

మిర్చి ధరకు ముడి

నేటి యాప్‌లలో చాలావరకు తేదీ వరుసను మాత్రమే పాటించవు. ఎక్కువ మంది తాకిన, పంచిన వార్తను పైకి తెస్తాయి. మిర్చి ధర పెరిగిందన్న వార్తను తగ్గిందన్న వార్త కంటే ఎక్కువ మంది పంచడం సహజం. అందువల్ల మంచి ధర వార్త పాతదైనా పైనే తిరుగుతుంటుంది.

నల్లపాడు రైతుకు గుంటూరు మిర్చి యార్డు చేరువలోనే ఉన్నది. ఉదయం వెళ్లి ధర విచారించి రావచ్చు. ప్రకాశం, కర్నూలు ప్రాంతాల నుంచి లారీ కట్టించుకుని టిక్కీలు తెచ్చే రైతుకు ఆ వీలు లేదు. వచ్చాక ధర లేదని తెలిస్తే కిరాయి మీద పడుతుంది. అమ్మలేకపోతే శీతల గిడ్డంగి అద్దె తోడవుతుంది. అంటే యార్డు పక్కన ఉన్నవారు పంచే ఒక్క సందేశం దూరాన ఉన్నవారి సరకును కదిలిస్తుంది.

పైగా ధర ఒక్కటే అంకె కాదు. తేజ, 334, 341, బాడిగ రకాలకు వేర్వేరు ధరలు పలుకుతాయి. ఒకే రకంలోనూ నాణ్యత, తేమను బట్టి తేడా ఉంటుంది. తాలు కాయల ధర వేరు. గ్రూపుల్లో తిరిగేది సాధారణంగా ఆ రోజు ఏదో ఒక మేలైన లాటుకు పలికిన గరిష్ఠ ధర. వేసవిలో యార్డుకు సెలవులిచ్చే రోజుల్లోనూ పాత ధరలు తిరుగుతూనే ఉంటాయి.

పురుగుమందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2021-22 సీజనులో నల్ల తామర పురుగు మిర్చి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. అటువంటి వేళ ఎవరో పంపిన మందు పేరును నమ్మడం కంటే లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలను, వ్యవసాయ, ఉద్యాన సిబ్బందిని సంప్రదించడం శ్రేయస్కరం.

పాటించవలసినవి

* యాప్ రూపు మారగానే సెట్టింగుల్లో జిల్లా, మండలం ఎంపికలను మళ్లీ సరిచూసుకోవాలి. ‘తాజా వార్తలు’ అన్న విభాగం ఉంటే దానినే ముందుగా తెరవాలి.

* ధర వార్తలో తేదీ, మార్కెట్ పేరు, రకం, నాణ్యత నాలుగూ ఉంటేనే పంచాలి. వార్తను ఫొటో తీసి పంపితే తేదీ తెగిపోవచ్చు. లంకెనే పంపడం మంచిది.

* వాట్సాప్ 2018 జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి విధించింది. 2020 ఏప్రిల్ నుంచి పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. అటువంటి సందేశంపై జంట బాణాల గుర్తు కనిపిస్తే మరింత జాగ్రత్త వహించాలి.

* లారీ మాట్లాడుకునే ముందు కమీషన్ ఏజెంటుతో, యార్డుకు వెళ్లి వచ్చిన రైతుతో ఫోనులో నిర్ధారించుకోవాలి.

వార్తల పేజీ మున్ముందు ఇంకెన్నిసార్లైనా మారవచ్చు. ఏది పైన ఉంచాలో యాప్ నిర్ణయించినా, ఏది పంచాలో నిర్ణయించేది పాఠకుడే.