ఎండాకాలపు వేడిని చలికాలానికి ఎలా దాస్తారు?

డెన్మార్క్‌లో దాదాపు మూడింట రెండొంతుల ఇళ్లకు వెచ్చదనం బయటి నుంచే వస్తుంది. ఊరి ప్లాంటులో నీళ్లు కాచి, భూగర్భ పైపుల్లో ఇంటింటికీ పంపుతారు. దీన్నే డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు.

సమస్య ఏమిటి?

సోలార్ ప్యానెళ్లతో నీళ్లు కాచవచ్చు. కానీ ఎండ మెండుగా ఉండే వేసవిలో వేడి అవసరం తక్కువ. చలి ముదిరే జనవరిలో ఎండే ఉండదు. అప్పుడు ఇంధనం కాల్చక తప్పదు. ఆ ఖర్చు చివరికి బిల్లులోనే తేలుతుంది.

పరిష్కారం ఎలా?

డ్రోనింగ్‌లుండ్ అనే చిన్న పట్టణం 2014 నాటికి పెద్ద చెరువులాంటి గొయ్యి తవ్వింది. అడుగున, గట్లకు ప్లాస్టిక్ షీటు పరిచి, 60,000 ఘనపు మీటర్ల నీరు నింపింది. అంటే 6 కోట్ల లీటర్లు. పైన వేడి పోకుండా తేలియాడే మూత వేసింది. వేసవిలో నీరు 80 డిగ్రీలు దాటుతుంది. వేడి నీరు పైకి, చల్లనిది అడుగుకు చేరుతుంది కాబట్టి పైనుంచి తోడి ఊరికి పంపుతారు. నీరు చల్లబడ్డాక మిగిలిన వేడిని హీట్ పంపు లాగుతుంది. ఇలా పట్టణానికి ఏటా కావాల్సిన వేడిలో సుమారు 40 శాతం ఎండ నుంచే వస్తోంది.

ఇంటికో గొయ్యి చాలదా?

చాలదు. గొయ్యి పెద్దదయ్యే కొద్దీ నీటి పరిమాణంతో పోలిస్తే వేడి జారిపోయే ఉపరితలం తగ్గుతుంది. చిన్న గోతిలో వేడి నెలల తరబడి నిలవదు. అందుకే ఇది ఊరంతా కలిసి చేసుకోవాల్సిన పని. విశాలమైన స్థలం కావాలి. మూత లోపలి పొరల్లోకి తేమ చేరితే వేడి ఆగదు కాబట్టి దాని నిర్వహణే అసలు పరీక్ష.