గ్యాస్ నుంచి రాయి: బంగాళాఖాతం అడుగున ఏం జరుగుతోంది?



బోరు నీళ్లు వాడే ఇళ్లలో హీటర్ రాడ్‌కి సున్నం పట్టడం మనందరికీ తెలిసిందే. కొన్ని వారాలు తిరిగేసరికి రాడ్ మీద, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిపడుతుంది. నీళ్లలో కంటికి కనిపించకుండా కరిగి ఉన్న కాల్షియం, బైకార్బొనేట్ వేడి తగలగానే కలిసి కాల్షియం కార్బొనేట్‌గా బయటపడతాయి. పదో తరగతిలో సున్నపు తేటలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే పాలలా తెల్లబడేదీ ఈ పదార్థం వల్లే.

ఇదే పదార్థం మన తెలుగు తీరానికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగున కూడా తయారవుతోంది. అక్కడ వేడి లేదు, వెలుతురు లేదు. పైగా ఆ రాయిలోని కార్బన్ మీథేన్ గ్యాస్ నుంచి వచ్చింది. ఈ నెల సైన్స్ పేజీలో ఆ సంగతి చెప్పుకుందాం.

బురదలో గ్యాస్ ఎక్కడిది?

ముందు ఒక చిన్న వివరం. మన వంటింటి సిలిండర్‌లో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. సీఎన్‌జీ ఆటోలో, పైపు ద్వారా ఇళ్లకు వచ్చే గ్యాస్‌లో ఉండేది మీథేన్. ఊళ్లలో గోబర్ గ్యాస్ ప్లాంటు చూసినవారికి మీథేన్ ఎలా పుడుతుందో తెలుసు. పేడను గాలి తగలకుండా మూసి ఉంచితే అందులోని సూక్ష్మజీవులు గ్యాస్ తయారు చేస్తాయి.

కృష్ణా, గోదావరి నదులు లక్షల ఏళ్లుగా చేస్తున్న పని ఇంచుమించు ఇదే. అవి మోసుకెళ్లే ఒండ్రు మట్టితో పాటు ఆకులు, వేర్లు, ఇతర జీవుల అవశేషాలు కూడా సముద్రంలో పొరలు పొరలుగా పూడిపోతాయి. ఆక్సిజన్ అందని ఆ లోతులో సూక్ష్మజీవులు వాటి నుంచి మీథేన్ తయారు చేస్తాయి. సముద్రం బాగా లోతుగా ఉన్నచోట చలి, ఒత్తిడి రెండూ ఎక్కువ. అక్కడ మీథేన్ నీటితో కలిసి మంచుగడ్డలా గట్టిపడుతుంది. దీన్నే గ్యాస్ హైడ్రేట్ అంటారు. అగ్గిపుల్ల చూపిస్తే ఈ మంచు మండుతుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది.

2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక నుంచి మన కేజీ బేసిన్‌లో తవ్వి చూసినప్పుడు ఒకచోట సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర బయటపడింది. అక్కడ హైడ్రేట్ ఎక్కువగా బురదలోని పగుళ్లలో పేరుకుని ఉంది. 2015లో చిక్యూ అనే జపాన్ నౌకతో మరోసారి తవ్వారు. ఇలాంటి చోట్లను వెతకడానికి నీటిలోకి ధ్వని తరంగాలు పంపి, అడుగు పొరల నుంచి వచ్చే ప్రతిధ్వనిని చదువుతారు. ఆ పనిలో మన ఉప్పల్‌లోని నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలది పెద్ద పాత్ర.

గ్యాస్ రాయిగా మారేది ఇలా

అడుగున ఉన్న మీథేన్ పగుళ్ల వెంట మెల్లగా పైకి వస్తుంది. పై నుంచి సముద్రపు నీటిలోని సల్ఫేట్ బురదలోకి దిగుతుంది. ఈ రెండూ కలిసే చోట రెండు రకాల సూక్ష్మజీవులు గుంపుగా కలిసి బతుకుతాయి. ఆర్కియా అనే రకం మీథేన్‌ను వాడుకుంటుంది. దానితో ఉండే బ్యాక్టీరియా సల్ఫేట్‌ను వాడుకుంటుంది. ఒకదాని పని ఇంకొకదానిపై ఆధారపడి ఉంటుంది. ఈ జోడీని అమెరికా పడమటి తీరం దగ్గర సముద్రపు బురదలో చూసినట్టు 2000లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఈ చర్యలో రెండు పదార్థాలు తయారవుతాయి. ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గ్యాస్. ఎండ తగలని ఆ లోతులో కొన్ని రకాల ఆల్చిప్పలు తమ ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా సాయంతో దీని మీదే బతుకుతాయి. రెండోది బైకార్బొనేట్. ఇది పెరిగేకొద్దీ సముద్రపు నీటిలోని కాల్షియంతో కలిసి కార్బొనేట్‌గా పేరుకుంటుంది. బురద రేణువుల మధ్య చేరి, సిమెంటులా వాటిని పట్టి ఉంచుతుంది. మన హీటర్ రాడ్ మీద వేడి చేసే పని అక్కడ సూక్ష్మజీవులు చేస్తున్నాయన్నమాట.

శంషాబాద్ చుట్టుపక్కల పెరిగే మన పిల్లలకు రాయి అనగానే గుర్తొచ్చేవి విమానాశ్రయం దారుల్లో కనిపించే గ్రానైట్ బండలు. అవి సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం చల్లారి ఏర్పడ్డాయి. కేజీ బేసిన్ రాయికి అంత వేడి అక్కర్లేదు, అంత వయసూ లేదు.

అది మీథేన్ నుంచే వచ్చిందని ఎలా తెలుసు?

సున్నపురాయి గవ్వలు, ఆల్చిప్పల నుంచి కూడా ఏర్పడుతుంది కదా, మరి ఇది గ్యాస్ నుంచి వచ్చిందని ఎలా చెప్పగలం? దీనికి జవాబు కార్బన్ అణువుల్లోనే ఉంది. ప్రకృతిలో వంద కార్బన్ అణువుల్లో దాదాపు 99 కార్బన్ 12, ఒకటి కాస్త బరువైన కార్బన్ 13. మీథేన్ తయారు చేసే సూక్ష్మజీవులు తేలికైన కార్బన్ 12నే ఎక్కువగా వాడుకుంటాయి. అందుకే వాటి మీథేన్‌లో కార్బన్ 13 తక్కువ. ఆ మీథేన్ నుంచి వచ్చిన రాయిలోనూ తక్కువే ఉంటుంది.

2007లో మారియన్ డుఫ్రెన్ అనే ఫ్రెంచ్ నౌక నుంచి కేజీ బేసిన్ బురదలోకి పొడవైన గొట్టాలు దించి నమూనాలు తీశారు. వాటిలో కార్బొనేట్ ముక్కలు, ఆల్చిప్పల పెంకులు దొరికాయి. గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషనోగ్రఫీ శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, మామూలు సముద్రపు గవ్వతో పోలిస్తే ఆ కార్బొనేట్‌లో కార్బన్ 13 సుమారు నాలుగైదు శాతం తక్కువగా ఉంది. వేల ఏళ్ల కిందట అక్కడ గ్యాస్ పైకి వచ్చిందని, తరువాత ఆగిపోయిందని అలా తెలిసింది. 2018లో అదే సంస్థ సింధు సాధన నౌకతో వెళ్లి, సుమారు 1750 మీటర్ల లోతున ఇప్పటికీ మీథేన్ ఊరుతున్న చోటును కనుగొంది.

దీనితో మనకేం పని?

వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ. సముద్రపు అడుగు నుంచి పైకి వచ్చే మీథేన్‌లో చాలా భాగాన్ని ఆ సూక్ష్మజీవులే ఆపుతున్నాయి. అందులో కొంత కార్బన్ రాయిగా మారి అక్కడే ఉండిపోతోంది.

మరోవైపు మన దేశం గ్యాస్‌ను పెద్ద ఎత్తున దిగుమతి చేసుకుంటోంది. కేజీ బేసిన్‌లోని హైడ్రేట్‌ను బయటికి తీయగలిగితే ఆ భారం తగ్గుతుంది. కానీ అది సులువు కాదు. 2013లో జపాన్ తన తీరంలో ప్రయత్నిస్తే ఆరు రోజులకే బావిలోకి ఇసుక చేరి పని ఆగింది. హైడ్రేట్ కరిగితే దాన్ని పట్టి ఉంచిన బురద వదులవుతుంది. గ్యాస్ సూక్ష్మజీవులు అందుకోలేనంత వేగంగా పైకి వస్తే ఏమవుతుందన్న ప్రశ్నకూ జవాబు కావాలి. గతంలో ఎక్కడ, ఎప్పుడు, ఎంతకాలం గ్యాస్ వచ్చిందో ఈ రాళ్లు చెబుతాయి. అందుకే తవ్వేముందు వీటిని చదవాలి. ఆ నిర్ణయాలు తీసుకునే వయసుకు వచ్చేది ఇప్పుడు మన తరగతుల్లో కూర్చున్న పిల్లలే.

ఇంట్లో చేసి చూడండి

హీటర్ రాడ్ ప్లగ్ తీసేసి, పూర్తిగా చల్లారాక, దాని మీది తెల్లటి పెచ్చు కొంచెం గీకండి. గాజు గ్లాసులో వేసి నిమ్మరసం పిండండి. సన్నని బుడగలు వస్తాయి. రాయిలో ఇరుక్కున్న కార్బన్ మళ్లీ గ్యాస్‌గా బయటికి వస్తోందని అర్థం. కోడిగుడ్డు పెంకుతోనూ చేయవచ్చు. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు.

తరువాత మీ అమ్మాయినో అబ్బాయినో ఒక్క ప్రశ్న అడగండి: "పెచ్చులోనూ బుడగలే, పెంకులోనూ బుడగలే. మరి ఏది నీళ్ల నుంచి వచ్చిందో, ఏది కోడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఎలా కనుక్కుంటావు?" జవాబు వెంటనే రాకపోయినా ఫర్వాలేదు. రెండు రోజులు ఆలోచించనివ్వండి. తోచింది నోట్‌బుక్‌లో రాసి తెస్తే క్లాసులో అందరం కలిసి చర్చిస్తాం.