వార్తల్లో పదం: సముచిత సదుపాయము

దివ్యాంగ విద్యార్థులను గూర్చిన వార్తలలో తరచుగ కానవచ్చు ఈ మాటకు, అన్యులతో సమానముగ చదువుకొనుటకై ఒక్కొక్క బిడ్డ అవసరమును బట్టి, పాఠశాలపై అనుచితభారము పడకుండ చేయవలసిన మార్పు అని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమును బట్టి అర్థము. చక్రాల కుర్చీకి వాలుదారి, వ్రాయలేని చేతికి పరీక్షలో లేఖకుడు, అదనపు సమయము, ఇవి కంటికి కనబడునవి. కనబడని బాధలే ఎక్కువ శ్రద్ధను కోరును.

ఆ చట్టము గుర్తించిన 21 వైకల్యములలో సికిల్ సెల్ వ్యాధియు ఒకటి. విశాఖపట్టణమునకు ఎగువనున్న పాడేరు, అరకు మన్యములలోని గిరిజన కుటుంబములలో అది వంశానుగతముగ సంక్రమించుచున్నది. రక్తకణములు కొడవలివలె వంగి సన్నని నాళములలో అడ్డుపడగా, దుస్సహమైన నొప్పితో కొండ దిగి విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆస్పత్రిలో చేరి, దినముల తరబడి బడికి రాలేకపోయిన ఆశ్రమపాఠశాల బాలికను సోమరి యనుట ఘోరమైన అన్యాయము. ఆమెకు వలసినవి తరగతిలో ఎప్పుడైనను నీరు త్రాగుటకు అనుమతి, చలిలో వెచ్చని దుప్పటి, ఎండలో పరుగునుండి మినహాయింపు, తప్పిన పాఠములను మరల చెప్పు గురువు.

40 శాతము వైకల్యము లేదను కారణమున లేఖకుని నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2021లో వికాస్ కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అది ఉద్యోగపరీక్షకు సంబంధించినదైనను, ఆ న్యాయదృష్టి ముందుగా ప్రవేశింపవలసినది బడిగదిలోనికే.