గోరంత కెమెరా... కొండంత లెన్సు!

చలికాలం ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డెక్కే కార్లలో కొన్ని ఫామ్‌హౌస్‌లకు, కొన్ని చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్తాయి. ఇంకొన్నింటి వెనక సీట్లో బారెడు లెన్సులుంటాయి. మొయినాబాద్‌కి ఒకవైపు 1920లో కట్టిన గండిపేట, మరోవైపు 1927 నాటి హిమాయత్‌సాగర్. అక్కణ్నుంచి చేవెళ్ల మీదుగా వెళ్లే దారంతా మర్రిమానులు. వాటి తొర్రల్లో చిన్న గుడ్లగూబలు, పండ్ల కోసం వచ్చే కంసాలిపిట్టలు... పిట్టల ఫొటోలు తీసేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా తూకంతోనే. మిర్రర్‌లెస్ వచ్చాక కెమెరాలు అరచేతిలో ఇమిడిపోతున్నాయి. సోనీ ఎ6400 బరువు 403 గ్రాములు. దానికి తగిలించే 200-600 లెన్సు 2,115 గ్రాములు. అంటే అయిదు రెట్ల పైమాటే! మరి కెమెరా తగ్గినట్టు లెన్సెందుకు తగ్గదూ అంటే... 600ని ఎపర్చర్ 6.3తో భాగించండి. 95 వస్తుంది. ముందున్న గాజు అన్ని మిల్లీమీటర్లైనా ఉండి తీరాలి. కెనాన్ 600 ఎఫ్11 లెన్సు 930 గ్రాములకే దిగిందంటే కారణం ఇదే, దానికి 55 చాలు. కానీ మర్రినీడలో ఎఫ్11 అంటే చీకట్లో సూది వెతకడమే.

అందుకే అలవాటు మార్చుకోవాలి. కెమెరాకి లెన్సు తగిలించామనుకోకుండా, లెన్సుకి కెమెరా తగిలించామనుకోండి. బరువంతా ఎడమచేతిదే. ఆ చెయ్యి మీరనుకున్నదానికంటే ముందుకు, లెన్సు మధ్యదాకా వెళ్లాలి. మోచేతులు డొక్కలకి ఆనాలి. కుడిచెయ్యి బటన్ నొక్కడానికే. చిటికెనవేలికి చోటు చాలకపోతే కిందొక చిన్న గ్రిప్ బిగించుకోవచ్చు. బరువు కోసమని పెద్ద బ్యాటరీ గ్రిప్ కొనమని షాపులో చెబుతారు. మోసే బరువు పెంచుకోవడం తప్ప దానివల్ల ఒరిగేది తక్కువ.

ట్రైపాడ్ మీదైతే కెమెరా అడుగు స్క్రూకి అసలు బిగించకండి. రెండు కిలోలూ ఆ చిన్న మౌంట్ రింగు మీదే వేలాడతాయి. లెన్సు కాలర్‌కే బిగించాలి, మెడపట్టీ కూడా దానికే. కెమెరా తేలిక కాబట్టి బరువు ముందుకు తూలుతుంది. క్లాంపు వదులు చేసి, లెన్సుని కొద్దికొద్దిగా మీ వైపు జరపండి. చెయ్యి వదిలేసినా తక్కెడముల్లులా నిలబడిందా, అదే చోటు! లెన్సు పాదం పొట్టిదై అంత దూరం జరగకపోతే కాస్త పొడవైన ప్లేటు కొనుక్కోవాలి. ఇంకో సంగతి. సిగ్మా 150-600 లాంటివి జూమ్ చేస్తే ముందుకు సాగుతాయి, తూకమూ మారుతుంది. సోనీ 200-600, నికాన్ 180-600 సాగవు. గింబల్ హెడ్ వాడేవారికి ఇది పెద్ద ఊరట.

నిజానికి ఈ దార్లో ట్రైపాడ్ కంటే కారు కిటికీయే మేలు. పిట్టలు మనిషిని చూసి ఎగిరిపోతాయిగానీ కారుని అంతగా పట్టించుకోవు. గుడ్డసంచిలో రెండు కిలోల శనగలు పోసి, మూతి కుట్టి, కిటికీ మీద వేయండి. తూకం కుదిరే చోటే లెన్సుని దానిమీద ఆనించి, ఇంజిన్ ఆపేయండి. లేదంటే ఆ అదురు ఫొటోలోకి వచ్చేస్తుంది.

అయితే మెయిన్‌రోడ్డు మీద మాత్రం వద్దు. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర బస్సు, టిప్పర్ ఢీకొన్న ఘోరం ఈ దారిలోనిదే. ఏ ఊరి మట్టిబాటలోకో మలుపు తిప్పి ఆగండి. పాలపిట్ట అక్కడి కరెంటు తీగ మీదా వాలుతుంది.