పిలవకపోయినా ఫ్యాక్టరీ గేటు దగ్గరికెళ్లి ఉద్యోగం అడగొచ్చా?

ఇవాళ ఒక పాత పద్ధతి గురించి మాట్లాడుకుందాం. ఎవరూ పిలవలేదు, ప్రకటన లేదు, లోపల తెలిసినవాళ్లు లేరు. బయోడేటా పట్టుకుని కంపెనీ గేటు దగ్గరికెళ్లి పని అడగడం. ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ అయిపోయిన పిల్లలు నన్ను తరచుగా అడిగేది ఇదే. "అన్నా, ఈ రోజుల్లో కూడా అలా వెళ్తే ఇస్తారా?"

ఇస్తారు. కానీ అన్నిచోట్లా ఇవ్వరు. ఎక్కడ ఇస్తారో తెలియకుండా తిరిగితే చెప్పులు అరుగుతాయి, చార్జీలకు తెచ్చుకున్న డబ్బులు అయిపోతాయి, చివరికి "నాకే రాసిపెట్టి లేదు" అనుకుని ఊరికి బస్సెక్కుతాం. అందుకే ముందు చోటు సంగతి చూద్దాం.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద ఐటీ కంపెనీకి ఇలా వెళ్లారనుకోండి. "ఎవర్ని కలవాలి? పాస్ ఉందా?" అని గేటులోనే ఆపేస్తారు. అందులో సెక్యూరిటీ వాళ్ల తప్పేం లేదు. అక్కడ దరఖాస్తులన్నీ ఆన్‌లైన్లోనే నడుస్తాయి. అటు వెళ్లి రోజు పాడు చేసుకోకండి.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం వైపు సంగతి వేరు. అక్కడ చిన్న చిన్న యూనిట్లు చాలా ఉంటాయి. ఓనరో, ప్రొడక్షన్ మేనేజరో షెడ్డులోనే తిరుగుతుంటాడు. లేత్ మీద పనిచేసే మనిషి నిన్న మానేశాడు, మిషన్ ఖాళీగా ఉంది, ఆర్డర్ ఆగిపోయింది. ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూలు పెట్టుకునేంత టైం ఆయనకి లేదు. గేటుకి "టర్నర్ కావలెను, హెల్పర్లు కావలెను" అని ఒక బోర్డు తగిలిస్తాడు. లేదంటే ఉన్న పనివాళ్లనే "మీ ఊరివాళ్లెవరైనా ఉన్నారా" అని అడుగుతాడు. ఆ నాలుగు రోజుల్లో మీరు ఆయన కంట పడాలి. ఈ పద్ధతి పనిచేసేది అందుకే.

ఫార్మా వాళ్లకి ఒక మాట. మందుల కంపెనీలో బయటివాళ్లని ప్లాంటులోకి రానివ్వరు. వాళ్లు ప్రకటన ఇచ్చి వాక్-ఇన్‌లు పెడుతుంటారు, చాలావరకు ఆదివారాలు. కాబట్టి కెమిస్ట్రీ చదివినవాళ్లు గేటు దగ్గర ఉద్యోగం కాకుండా సమాచారం అడగండి. తర్వాతి వాక్-ఇన్ ఎప్పుడు, క్యూసీకా ప్రొడక్షన్‌కా, బయోడేటా ఏ మెయిల్‌కి పంపాలి. ఈ మూడూ తెలిస్తే ఆ ట్రిప్పు దండగ కాదు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? షిఫ్టు మారే టైంలో వద్దు, గేటు దగ్గర రద్దీగా ఉంటుంది. భోజనాల టైం వద్దు. పొద్దున 10 నుంచి 12 లోపు మంచిది. నెల మొదట్లో టైం ఆఫీసు వాళ్లు హాజర్లు, జీతాల లెక్కల్లో తలమునకలై ఉంటారు. మానేద్దామనుకున్నవాళ్లు కూడా సాధారణంగా జీతం చేతికొచ్చాకే మానేస్తారు. అంటే 10వ తేదీ దాటాక ఖాళీలు బయటపడే అవకాశం ఎక్కువ.

గేటు దగ్గర ముందు కనబడేది వాచ్‌మన్. చాలామంది ఆయన్ని దాటిపోవాలని చూస్తారు. అది పొరపాటు. ఎవరు మానేశారో, సార్ లోపల ఉన్నారో, ఏ మూడ్‌లో ఉన్నారో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. "అన్నా నమస్తే, నేను ఐటీఐ ఫిట్టర్ చేశాను. ఇక్కడ మనుషుల్ని ఎవరు తీసుకుంటారు?" అని అడగండి. చూశారా, "ఏదైనా పని ఉందా" అనలేదు. ఏదైనా అంటే ఆయన లోపలికెళ్లి ఏమని చెప్తాడు? "ఎవరో కుర్రాడొచ్చాడు సార్" అంటాడు. ఫిట్టర్ అని చెప్తే "ఫిట్టర్ వచ్చాడు సార్" అంటాడు. ఆ ఒక్క మాటతోనే లోపలికి పిలుపు రావచ్చు.

లోపలికి పిలిస్తే మిషన్ షాపుల్లో ట్రయల్ పెడతారు. వెర్నియర్ చేతికిచ్చి కొలత చదవమంటారు, డ్రాయింగ్ చూపించి ఇదేంటి అంటారు. రాకపోతే రాదని చెప్పండి. వచ్చని చెప్పి జాబ్ పాడుచేస్తే మళ్లీ ఆ గేటు ముఖం చూడలేం.

అప్రెంటిస్‌గా తీసుకుంటారా అని కూడా అడగండి. 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లని తీసుకోవాలని చట్టం ఉంది, పనివాళ్లలో 2.5 నుంచి 15 శాతం వరకు. కాబట్టి అది దయ కాదు, వాళ్లకీ అవసరమే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. "రేపట్నుంచి రా" అనగానే సంతోషంలో బుర్ర ఊపేసి వచ్చేస్తాం. అక్కడ ఆగి నాలుగు ప్రశ్నలు అడగాలి. కంపెనీ రోల్ మీదా, కాంట్రాక్టర్ కిందా? చెప్పిన జీతం 8 గంటలకా, 12 గంటలకా? 18,000 అంటే బాగానే ఉంటుంది, కానీ 12 గంటల డ్యూటీకి అయితే లెక్క మారిపోతుంది. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? 20 మంది, ఆపైన పనిచేసేచోట పీఎఫ్ ఉండాలి. జీతం 21,000 లోపు ఉంటే, ఈఎస్ఐ వర్తించే సంస్థలో మీకూ అది రావాలి. మిషన్‌లో వేలు పడితే ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. నాలుగోది, జీతం ఏ తేదీన, బ్యాంకులోనా చేతికా? ఆడపిల్లలైతే నైట్ షిఫ్ట్ ఉందా, వ్యాన్ ఉందా అని కూడా అడగండి.

గేటు బయట ఎవరైనా "నేను పెట్టిస్తా, యూనిఫాంకి, డిపాజిట్‌కి ఇంత కట్టు" అంటే పైసా ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి. చూపించండి, జెరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ వెనక్కి తెచ్చుకోండి.

చివరిగా, ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. ఏ తేదీన ఏ కంపెనీ, ఎవరితో మాట్లాడాం, ఏమన్నారు అని రాసుకోండి. "పదిహేను రోజులాగి రా" అన్నారా, సరిగ్గా పదిహేను రోజులకి వెళ్లండి. చాలామంది అది వదిలించుకోవడానికి అన్న మాట అనుకుని వెళ్లరు. ఒక్కోసారి నిజంగా అదే అయ్యుండొచ్చు. అయినా మళ్లీ వెళ్తే వాచ్‌మన్ గుర్తుపడతాడు, "సార్, ఆ ఫిట్టర్ మళ్లీ వచ్చాడు" అంటాడు. మొదటిరోజు మీరు ముక్కూ ముఖం తెలియని మనిషి, రెండోసారి తెలిసిన మనిషి.

అడగడానికి సిగ్గు వేస్తుంది, నిజమే. కానీ మనం అడుక్కోవట్లేదు. ఆయన మిషన్ ఖాళీగా ఉంది, మన చేతిలో పని ఉంది. అంతే. ఒక్క వారం, రోజుకి ఐదారు గేట్లు ప్రయత్నించి చూడండి.